సున్నం గీత

పర్లాకిమిడి కోర్టు వీధిలో నా జిరాక్సు కొట్టు.
మూడు భాషల్లో దరఖాస్తులు రాస్తాను.
ఒరియాలో కలెక్టరుకి,
తెలుగులో చుట్టాలకి,
ఇంగ్లీషులో, ఎప్పటికీ మొహం చూపించని వాళ్ళకి.

కాశీనగర్ బస్సు దిగి తవిటమ్మ తిన్నగా వచ్చింది.
కొంగుముడిలో కవరు, కవర్లో అరబ్బీ కాగితం,
దాని వెనక పిన్ను కొట్టిన ఇంగ్లీషు ముక్క:
సహజ మరణం. గుండె ఆగింది.
"పదకొండు కాపీలు తియ్యి బావూ."
పదకొండెందుకమ్మా?
"ఎన్ని కావాలో నాకు తెల్దు.
ఆడెప్పుడూ పదకొండే లెక్కెట్టీవోడు."

ఆడంటే దాలయ్య, ఆమె తమ్ముడు.
వాడు బంతి తన్నగా నేను చూళ్ళేదు, కుడికాలు కొంచెం ఈడ్పు.
వంశధార ఇసక పక్కన, మేకపోతు కప్పుకి ముందురోజు,
అడుక్కి మేకుతో చిల్లులు పొడిచిన డాల్డా డబ్బాలో
సున్నం పోసుకుని గీతలు గీసేవాడు.
తాడు పట్టేవాడు కాదు. కన్నే తాడు.
గోలు దగ్గర పెట్టె రెండడుగులు కురచ చెయ్యమని
ఎవడో యాభై చేతిలో పెట్టబోతే
డబ్బా వాడికే ఇచ్చేసి, "అయితే నువ్వే గీయి" అని
గట్టుమీద కూచున్నాడట.

మాలోనూ దొంగలున్నారు, లేరనను.
ఒక ఏడు ఫైనలు కాకుండానే మేకపోతు మాయమైంది,
ప్రెసిడెంటు పెరట్లో కొమ్ములు దొరికాయి.
ఊరంతా తిట్టింది, నవ్వింది,
రెండేళ్ళు అతన్ని గ్రౌండు గట్టెక్కనివ్వలేదు.
ఇది అంతకన్నా పెద్ద మేక.
ఆట ఏ దేశంలో పెట్టాలో చెయ్యెత్తి చెప్పే పెద్దమనుషులు
ఎత్తకముందే ఆ చేతికి గడియారాలు తొడిగించుకున్నారని
పకోడీ పొట్లం విప్పుతూ చదివాను.
నూనె మరకలో పేర్లు కనబళ్ళేదు.
వాళ్ళ పెరళ్ళు ఎవరు వెతుకుతారు?

బరంపురం ఏజెంటుకి ఎనభై వేలు.
దిగిన రోజే పాస్‌పోర్టు మేస్త్రీ బీరువాలోకి.
ఆ తర్వాత అంతా ఫోన్లో ముక్కలు ముక్కలుగా గొంతు.
కౌంటరు మీద పెట్టి నాకు వినిపించింది:

"అప్పా, గడ్డి ఇమానంలో వొచ్చినాది.
సాపలాగ సుట్టీసి, సల్లటి లారీలో తెచ్చినారు.
రేత్రల్లా దానికి గాలి ఇసురుతున్నారు.
మా రేకుల గదిలో పన్నెండుగురుం, పంకా ఒకటి,
అదీ తిరగదు. నవ్వొస్తంది నాకు..."

ఇంకొకటి:
"ఇక్కడ గీతలు మిసను గీస్తాది.
సూసినాను.
బాగానే గీసినాది."

అంతే. దాని కింద ఇంకేం లేవు.

ఇరవయ్యారేళ్ళ గుండె ఊరికే ఎందుకాగిందని
ఆటకి పెద్దలైన ఆఫీసుకి నాలుగుసార్లు రాశాను.
నాలుగోదానికి జవాబొచ్చింది. తెలుగు చేసి చదివాను:
మీ ఆందోళన గమనించాము.
మానవ హక్కులకు మేము కట్టుబడి ఉన్నాము.
సదరు వ్యక్తి మా ఉద్యోగి కాడు.

"కట్టుబడంటే?" అంది.
మాట మీద నిలబడ్డం, అన్నాను.
"మావోడిదీ కట్టుబడి పనే కదా" అంది,
"ఎండలో నిలబడ్డం."

ఫైనలు రాత్రి నా కొట్లో టీవీ.
వీధిలో కుర్రాళ్ళంతా బంతిని చూస్తుంటే
ఆమె గీతనే చూసింది.
బంతి గీత దాటిందా లేదా,
వెంట్రుకవాసి తేడాకి ఆట ఆపేసి
ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి,
పైనుంచి మళ్ళీ ఒకసారి చూపించారు.
"ఇన్ని కల్లెట్టుకున్నోలకి
మావోడు పడిపోనప్పుడు ఒక్క కన్నూ లేకపోనాదేటి!"
కుర్రాళ్ళలో ఒకడు శబ్దం తగ్గించాడు.

ఈ ఏడు మేకపోతు కప్పుకి గీతలు గీసినవాడు కొత్త.
మూల దగ్గర వంకర పోయింది, ఎవరూ ఏమన్లేదు.
తవిటమ్మ గట్టు దిగి, కాలితో చెరిపేసి
డబ్బా లాక్కుంది.

మర్నాడు కొట్టు తీసేసరికి
మెట్టు మీద కూచుని ఉంది,
గోళ్ళలో ఇంకా తెలుపు.
"అయిదోది రాయి బావూ."